వెనక్కి తిప్పని కార్డు

జూనెల్ స్ప్రాడ్లిన్ గురించి మా ఊళ్ళో ఎవరినడిగినా రెండు సంగతులు చెప్తారు. ఒకటి, బడి వంటగదిలో ఇరవై ఆరేళ్లు పనిచేసిందని. రెండోది గొంతు తగ్గించి చెప్తారు. తగ్గించేది మర్యాద కోసం అనుకోకండి, వినేవాడు ఇంకాస్త దగ్గరకు జరగాలని. నేను చెప్పబోయేది ఆ రెండోదాని గురించే. దాన్ని చావనివ్వకుండా చూసినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

నా పేరు రొవీనా టాకెట్. కౌంటీ కోర్టులో రికార్డుల కౌంటరు నాది. సోమవారం పొద్దున తలుపు తీయగానే లాయర్లు వస్తారనుకుంటారు మీరు. లాయర్లు పదింటికి గానీ కదలరు. ముందు వచ్చేది శని, ఆదివారాల్లో షెరీఫ్ ఎవరెవరిని పట్టుకెళ్ళాడో చూసుకోవడానికి వచ్చే పెద్దమనుషులు. ముందురోజు చర్చిలో పక్కపక్కన కూర్చుని పాటలు పాడినవాళ్లే. చట్టం ప్రకారం ఆ జాబితా ఎవరైనా చూడొచ్చు, ఎందుకని అడిగే హక్కు నాకు లేదు. చిన్నాచితకా వారమైతే మొహాలు వాడిపోతాయి. "ఇదేంటి రొవీనా, అందరూ పొరుగూరి వాళ్లేనా? మనవాళ్లు అంత బుద్ధిమంతులైపోయారా?" అని వెళ్ళిపోతారు, హోటల్లో పెట్టని కూర గురించి అడిగినట్టు.

జూనెల్ బడిలో నాకంటే రెండు తరగతులు పైన. కలప కోసే ఇంట్లో పుట్టింది. పంతొమ్మిదో ఏట డాయిల్ స్ప్రాడ్లిన్‌ని చేసుకుంది. వాడు బొగ్గు గనిలో పనిచేసేవాడు. పెళ్లయిన ఆరో ఏట గని కప్పు కూలి పోయాడు. రెండేళ్ల కూతురు డీనాతో మిగిలింది జూనెల్. కుట్టు ఫ్యాక్టరీకి వెళ్ళే ఆడవాళ్ల పిల్లల్ని పగలంతా తన ఇంట్లో చూసుకునేది. ఒక్కోసారి ఐదుగురు, ఒక్కోసారి ఏడుగురు. ఎవరికి ముక్కు కారినా తన గౌను అంచుతోనే తుడిచేది. తల్లులు దాన్ని తెగ మెచ్చుకునేవాళ్లు, అంత చవగ్గా అంత శ్రద్ధ ఇంకెక్కడ దొరుకుతుంది?

తొంభై ఒకటి ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మార్లా ఫ్యూగేట్ కొడుకు కోడీ, ఐదు నెలల పిల్లాడు, జూనెల్ ఇంట్లో నిద్రలోనే పోయాడు. అంబులెన్సు వాళ్లకంటే ముందు షెరీఫ్ వచ్చాడు. ఆసుపత్రిలో ఎవరో కుర్ర డాక్టరు "ఎత్తి కుదిపేసినట్టుంది" అన్నాడట. అంతే. జొన్నరొట్టెకు కలుపుతున్న పిండి చేతులతోనే దాన్ని తీసుకెళ్ళారు. ఆ వారం మా పత్రిక 'బ్యూగిల్' మొదటి పేజీలో ఫోటో వేసింది. తడిసిన జుట్టు, ముందు కట్టుకున్న వంట గుడ్డ, ఎటు చూస్తోందో తెలియని కళ్లు. కింద పెద్ద అక్షరాలు: పసిబిడ్డ మృతి, చూసుకునే మనిషి అరెస్టు.

పదకొండు రోజులు జైల్లో ఉంది. పన్నెండో రోజు రాజధాని నుంచి పెద్ద డాక్టరు రిపోర్టు వచ్చింది. పిల్లాడికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంది, ఎవరూ కుదపలేదు, ఎవరూ చేయి వేయలేదు. కేసు కొట్టేశారు. 'బ్యూగిల్' ఆ సంగతి కూడా వేసింది. ఎనిమిదో పేజీలో, ట్రాక్టరు ప్రకటన కింద, మూడు వరసలు. మొదటి పేజీ చదివినవాళ్లలో ఎనిమిదో పేజీ దాకా వెళ్ళినవాళ్లు ఎంతమందో నాకు తెలియదు. నేనైతే వెళ్ళలేదు.

ఆ తర్వాత దాని ఇంటికి పిల్లల్ని ఎవరూ పంపలేదు. రెండేళ్లు కోళ్లఫారంలో ఈకలు పీకింది. అప్పటి బడి పెద్ద ఒకాయన, ఏదైనా చివరిదాకా చదివే రకం మనిషి, కోర్టుకొచ్చి ఫైలంతా చూసి వంటగదిలో ఉద్యోగం ఇచ్చాడు. అక్కడే ఉండిపోయింది. మా ఊరి పిల్లలు రెండు తరాలవాళ్లు దాని చేతి బీన్సు, రొట్టె తిని పెద్దవాళ్లయ్యారు. ఆ పెద్దవాళ్లే పిల్లలకు చెప్పేవాళ్లు, "ఆమె వడ్డిస్తే తిను గానీ, ఆమె వెంట ఎక్కడికీ వెళ్ళకు" అని.

ఇక నా సంగతి. రెండువేల మూడులో పాత రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమని ప్రభుత్వం నిధులిచ్చింది. మా దగ్గర ప్రతి కేసుకూ ఒక అట్ట కార్డు ఉండేది. ముందువైపు పేరు, అరెస్టు తేదీ, నేరం. వెనకవైపు ఆ కేసు చివరికి ఏమైందీ. కార్డుకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చేవాళ్లు. నేనూ ఇంకో ఇద్దరమ్మాయిలూ పెట్టెలు ముందేసుకుని కూర్చున్నాం. మొదటి వారం రెండువైపులా ఎక్కించాం. రెండో వారానికి వేళ్లు నొప్పెట్టాయి. మూడో వారం నుంచి కార్డు తిప్పడం మానేశాం. ఎవరు చూస్తారులే అనుకున్నాం. పదకొండువేల మంది అలా మా తెర మీద అరెస్టయిన మనుషులుగా ఉండిపోయారు. విడుదలైనవాళ్లు, పొరపాటున పట్టుకున్నవాళ్లు, తప్పు లేదని తేలినవాళ్లు, అందరూ. 'ఫలితం' అన్న గడి ఖాళీ.

హాల్లో గోడకు ఆనించి ఒక కంప్యూటరు పెట్టాం, ఎవరైనా వచ్చి ఎవరి పేరైనా కొట్టి చూసుకోవచ్చు. పెళ్లి సంబంధాలు చూసుకునేవాళ్లు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు, పొరుగువాడి మీద కడుపుమంట ఉన్నవాళ్లు చూస్తూనే ఉంటారు. ఖాళీ గడిని ఎవడూ ఖాళీగా చదవడు. తనకు కావలసింది నింపుకుని చదువుతాడు.

జూనెల్ కూతురు డీనా నొప్పి మాత్రలకు అలవాటు పడింది. మా వైపు సగం ఇళ్లలో ఉన్న కథే. ఒక అక్టోబరులో దాన్ని జైలుకు పంపారు. దాని కూతురు పేస్లీకి అప్పుడు ఆరేళ్లు. పిల్లను శిశు సంక్షేమం వాళ్లు తీసుకెళ్ళి వాన్‌హూస్ అనే దంపతుల దగ్గర తాత్కాలికంగా ఉంచారు. అమ్మమ్మ ఉంది కాబట్టి అమ్మమ్మకే ఇస్తామన్నారు. తనిఖీలు పూర్తి కావాలి, అంతే. గది చూశారు, మంచం చూశారు, పొయ్యి చూశారు. తర్వాత మా తెర మీద పేరు కొట్టారు.

జనవరిలో ఒక పొద్దున జూనెల్ నా కౌంటరు దగ్గరకు వచ్చింది. బడి వంటగది టోపీ తీయడం కూడా మర్చిపోయింది.

"రొవీనా, ఒక మాట చెప్పు. నా పేరు మీద కేసు ఇంకా నడుస్తోందంట. ముప్పై ఏళ్ల కిందటిది. అదెలా నడుస్తది?"

"ఎవరు చెప్పారు?"

"పిల్లల ఆఫీసాయన. 'పసిబిడ్డ చావు కింద అరెస్టు, ఫలితం తెలియదు' అని ఉందంట. ఫలితం తెలియకపోవడమేంటే? జడ్జి నా మొహం మీదే చెప్పాడు గదా, ఇంటికెళ్ళు తల్లీ అని!"

తెర మీద చూశాను. ఎక్కించినవాళ్ల గుర్తు 'రొ.టా.' అని ఉంది. నా వేళ్లే. లోపలి గదిలోకి వెళ్ళి పెట్టె తీసి ఆ కార్డు పట్టుకున్నాను. వెనక్కి తిప్పితే చక్కటి నీలం సిరాలో ఉంది: నిందితురాలిపై ఏ ఆధారమూ లేదు, కేసు కొట్టివేత, డాక్టరు రిపోర్టు ఫైలులో ఉంది.

ఆ వాక్యం తెర మీదకు ఎక్కించడానికి నాకు రెండు నిమిషాలు చాలు. కానీ పాత కేసులో దిద్దుబాటు చేస్తే జడ్జి సంతకం కావాలి, కారణం రాయాలి. కారణం రాస్తే మిగతా కార్డులు కూడా తిప్పి చూడమంటారు. పదకొండువేలు. పదహారేళ్లు. ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ల గురించి ఊరు చెప్పుకునే కబుర్లలో ఈసారి నా పేరు ఉంటుంది. పింఛనుకు నాకు ఇంకా రెండేళ్లు. నాకు సిగ్గేసింది. సిగ్గు కంటే భయం ఎక్కువ వేసింది.

కార్డు పెట్టెలో పెట్టేసి బయటికొచ్చి అన్నాను, "దిద్దడాలూ గిద్దడాలూ ఎందుకు జూనెల్? మొత్తానికే మూయించేసుకో. సీలు వేయించుకుంటే ఇక ఆ కేసు లేనట్టే. తెర మీద నీ పేరే రాదు."

"అలా చేయొచ్చా?"

"బ్రహ్మాండంగా చేయొచ్చు. శిక్ష పడని కేసు గదా. ఫారం నేనే నింపి పెడతాను."

"నువ్వు చల్లగా ఉండాలి తల్లీ," అంది. కౌంటరు మీదుగా చేయి చాపి నా చేయి పట్టుకుంది. దాని అరచేయి వేడిగా, గరుకుగా ఉంది. నేను లాక్కోలేదు.

గోటితో పోయేదానికి గొడ్డలి పట్టించాను. ఆ గొడ్డలి ఎవరి కాళ్ల మీద పడుతుందో అప్పుడు ఆలోచించి ఉంటే బాగుండేది. ఆలోచించలేదని చెప్పను, కొంచెం ఆలోచించాను.

సీలు వేయించుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. దరఖాస్తు, వేలిముద్రలు, రుసుము. కానీ రెండు మెలికలున్నాయి. ఒకటి, విచారణ బహిరంగంగా జరగాలి, ఆ రోజు ఎవరెవరి కేసులున్నాయో కోర్టు అద్దం తలుపు మీద అంటించాలి. అంటే, లోకం మర్చిపోవాలని కోరుకునేదాన్ని ముందు లోకానికి గుర్తుచేయాలన్నమాట. రెండోది, బాధితుల తరఫువాళ్లకు ప్రాసిక్యూటరు ఉత్తరం రాయాలి. 'ఫలానా వ్యక్తి తన రికార్డు మూయించుకోవాలనుకుంటున్నారు, మీకు అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పుకోవచ్చు' అని.

మార్లా ఫ్యూగేట్ ఊరు విడిచి ఎక్కడికీ పోలేదు. కుట్టు ఫ్యాక్టరీ మూతపడ్డాక జుట్టు కత్తిరించే షాపు పెట్టుకుంది. మళ్ళీ పిల్లలు పుట్టలేదు. ఉత్తరం షాపుకే వచ్చింది, ఎవరి తలకో రంగు వేస్తుండగా. విప్పి చదివి, ఆ రంగు గిన్నె అలాగే నేల మీద పడేసిందట. పాపం, దాన్ని మాత్రం ఏమనగలం? ముప్పై ఏళ్లుగా కొడుకు చావుకు ఒక మొహం పెట్టుకుని బతికింది. గుండె లోపం అంటే అది తన కడుపులోనే తయారైందని అర్థం. జూనెల్ అంటే అలా కాదు. జూనెల్ వీధి చివర ఉంటుంది, చూసి అసహ్యించుకోవచ్చు.

మార్చిలో విచారణ. జాబితా శుక్రవారం అంటించాను. శనివారానికే డైనర్‌లో కాఫీ కప్పుల చుట్టూ అదే మాట.

"ఇన్నాళ్లకు మూయించుకుంటోందంట. తప్పు చేయనిదానికి మూత ఎందుకూ?"

"నిప్పు లేనిదే పొగ వస్తుందా?"

"అయితే వంటగదిలో ఉంది గదా, పొగ మామూలేలే," అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను, నా ముందు గుడ్లు చల్లారుతున్నాయి. పెదాలు నావి కూడా కదిలాయి.

విచారణ రోజు జూనెల్ చర్చికి వేసుకెళ్ళే ఊదారంగు గౌను వేసుకొచ్చింది. మార్లా వెనక వరసలో కూర్చుంది. జడ్జి హోల్‌బ్రుక్ పెద్దాయన, ఓర్పున్నవాడు. "మీరేమైనా చెప్తారా అమ్మా?" అని మార్లాను అడిగాడు.

మార్లా లేచింది. "మూసేయండి సార్. మీ కాగితాలు మీ ఇష్టం. నా పిల్లాడి పెట్టె మూత నేనే మూశాను, ఇంత పొడవు పెట్టె. దానికి మీ సంతకం అక్కర్లేకపోయింది."

జూనెల్ తిరిగి చూసి, "మార్లా, నేను వాణ్ణి ముట్టుకోలేదే. పాలు తాగి పడుకున్నాడు. నేను రోజూ..." అంది.

"నా కొడుకు గురించి నీ నోట్లోంచి ఒక్క ముక్క రావడానికి వీల్లేదు!"

జడ్జి సుత్తి కొట్టాడు. చట్టం స్పష్టంగా ఉంది, శిక్ష లేదు కాబట్టి సీలు వేయవలసిందే. సంతకం పెట్టాడు. కార్డూ, ఫైలూ, రిపోర్టూ అన్నీ కట్టగట్టి, తాడు కట్టి, లక్క అంటించి, తాళం గదిలో పెట్టింది నేనే. పెట్టేముందు జూనెల్ అడిగింది కూడా.

"ఆ డాక్టరు కాగితం ఒక నకలు తీసుకోనా రొవీనా? దగ్గరుంటే మంచిదేమో."

"ఎందుకమ్మా ఇంకా ఆ దరిద్రం ఇంట్లో పెట్టుకోవడం? అయిపోయింది. ఇక నిన్నెవరైనా 'ఎప్పుడైనా అరెస్టయ్యావా' అని అడిగితే లేదని చెప్పు. చట్టమే అలా చెప్పమంటోంది," అన్నాను.

నకలు తీస్తే అది ఎక్కడో ఒకచోట బయటపడుతుంది, వెనకవైపు ఏముందో, తెర మీద ఎందుకు లేదో ఎవరైనా అడుగుతారు. అదీ నా బాధ. జూనెల్ తలాడించింది. ఆ శనివారం ఎండు ఆపిల్ ముక్కలు వేసి ఎనిమిది పొరల కేకు చేసి తెచ్చి ఇచ్చింది. మా వైపు ఆ కేకు పెళ్లిళ్లకే చేస్తారు. బాగుంది. మొత్తం తిన్నాను.

పిల్లల ఆఫీసులో ఆ పాత మనిషి వెళ్ళిపోయి ఎవర్‌హార్ట్ అనే ఆవిడ వచ్చింది, పాత తనిఖీ కాగితం తీసేసి కొత్త ఫారం ఇచ్చింది. 'ఎప్పుడైనా అరెస్టయ్యారా?' అన్నదాని కింద జూనెల్ 'లేదు' అని రాసింది. మా తెర మీద కూడా లేదు. ఏప్రిల్ చివర్లో కమిటీ కూర్చుంటుంది, ఆ తర్వాత వారంలో పేస్లీ ఇంటికి. గోడలకు పసుపు రంగు వేయించింది. పిల్లకు కుక్క బొమ్మలున్న దుప్పటి ఇష్టమట, అది కొని ఉతికి మంచం మీద పరిచింది. వారానికోసారి వాళ్ల ఆఫీసులో గంటసేపు చూడనిచ్చేవాళ్లు. వచ్చి నాకు చెప్పేది. "అమ్మమ్మా, ఇంకా ఎన్ని రాత్రులు పడుకోవాలి అంటదే. పదిహేడు పడుకోవాలే అన్నా. వేళ్లు చాలట్లేదు దానికి."

పదిహేడు రాత్రుల్లో పదకొండు గడిచాక, ఎవర్‌హార్ట్ బల్ల మీదకు ఒక కవరు వచ్చింది. పంపినవాళ్లు పేరు దాచుకోలేదు, పైనే రాసి ఉంది: మార్లా ఫ్యూగేట్. లోపల 'బ్యూగిల్' మొదటి పేజీ. గ్రంథాలయంలో పాత సంచికలన్నీ బైండు చేసి ఉంటాయి, వాటికి ఏ జడ్జీ సీలు వేయలేడు. ఫోటో కింద ఎర్ర సిరాతో ఒక్కటే ముక్క: 'లేదు అని రాసింది కదూ?'

ఎనిమిదో పేజీ పంపలేదు.

మర్నాడు పది గంటలకు జూనెల్ పరుగెత్తుకొచ్చింది. ఊపిరి అందడం లేదు.

"నా కాగితం కావాలే. డాక్టరు కాగితం. ఆవిడ అంటోంది అరెస్టు అయితే అయ్యావ్, నాకు దాని మీద పట్టింపు లేదు, అబద్ధం ఎందుకు రాశావ్ అని. నేను చెప్పా, కేసు కొట్టేశారండీ, సీలు వేశారండీ, అలా రాయొచ్చన్నారండీ అని. అయితే రుజువు చూపించు అంటోంది. ఒక్క కాగితం! ఇచ్చెయ్ రొవీనా, పరుగెత్తుకెళ్ళి ఇచ్చొస్తా."

"అది తీయాలంటే జడ్జి ఆర్డరు కావాలి జూనెల్."

"నాది గదే! నా కాగితం నాకివ్వడానికి ఆర్డరేంటి?"

"దరఖాస్తు పెట్టాలి. విచారణ వేయాలి. మళ్ళీ మార్లాకు ఉత్తరం వెళ్ళాలి. ఆరు వారాలైనా పడుతుంది."

"కమిటీ గురువారమే!"

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. నా చెవి దగ్గర ఎవర్‌హార్ట్ గొంతు. మర్యాదగల మనిషి, పని మీద మనసున్న మనిషి.

"టాకెట్ గారూ, ఒక చిన్న సహాయం. జూనెల్ స్ప్రాడ్లిన్ అనే ఆవిడ కేసు కొట్టేశారని చెప్తోంది. నాకు ఆవిడను నమ్మాలనే ఉందండీ. మీ దగ్గర దానికి సంబంధించి ఏదైనా ఉందా? ఉంది అని ఒక్క మాటన్నా చాలు, నేను కమిటీని వారం ఆపుతాను."

సీలు వేసిన కేసు గురించి ఎవరడిగినా మేము చెప్పవలసిన వాక్యం ఒకటే. ఫోను పైన గోడకు అంటించి ఉంటుంది. 'సీలు వేశాం' అనడం కూడా నేరమే, ఉద్యోగం పోతుంది. ఫైలు నాకు పదడుగుల దూరంలో ఉంది. జూనెల్ రెండు చేతులతో కౌంటరు అంచు పట్టుకుని నా పెదాల వంక చూస్తోంది.

"అలాంటి రికార్డు ఏదీ మా దగ్గర లేదండీ," అన్నాను.

"కొట్టేసినట్టు కూడా?"

"ఏదీ లేదండీ."

"అర్థమైంది. థాంక్సండీ," అంది ఎవర్‌హార్ట్. ఆ గొంతులో ఒక తలుపు మూసుకుంది.

జూనెల్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "నువ్వు నా కళ్లెదురుగానే లేదన్నావేంటే?" అని మాత్రం అడిగింది, నిజంగానే అర్థం కాక.

"చట్టం జూనెల్."

"రాయొచ్చు అని చెప్పింది కూడా చట్టమే అన్నావు."

గురువారం కమిటీ కూర్చుంది. అబద్ధం రాసిన మనిషి, పసిబిడ్డ చావు, ఎక్కడా దొరకని రుజువు. పది నిమిషాల్లో తేల్చేశారట. వారం వారం గంట చూడటం కూడా, పిల్లను గందరగోళపరుస్తుందని, నెలకోసారి చేశారు. పద్దెనిమిదో రాత్రి పిల్ల ఎక్కడ పడుకుందో, ఏమని అడిగిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించలేదు.

జూనెల్ దరఖాస్తు మీద జూన్‌లో ఫైలు తెరిచారు. చేతులు కాలాక ఆకులు. జడ్జి హోల్‌బ్రుక్ లక్క పగలగొట్టి కార్డు చేతిలోకి తీసుకున్నాడు, ఆయనకు కార్డు తిప్పే అలవాటుంది. వెనకవైపు చదివి కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు.

"ఇది ఇంత స్పష్టంగా ఉంటే, కంప్యూటర్లో ఫలితం ఎందుకు ఖాళీగా ఉందమ్మా? ఇది దిద్దితే సరిపోయేది కదా, సీలు దాకా ఎందుకు వెళ్ళారు?"

కోర్టు హాల్లో జూనెల్ ఉంది, మార్లా ఉంది, ఫ్యాను తిరుగుతోంది.

"పాత కంప్యూటరు లోపమండీ. అప్పట్లో అలా చాలా పోయాయి," అన్నాను.

ఆయన కార్డు ఫైల్లో పెట్టేశాడు. జూనెల్ అయితే తలాడించింది కూడా, కంప్యూటర్లంటే అంతే కదా అన్నట్టు. మార్లా ఆ నీలం సిరా వాక్యం జడ్జి నోట విని లేచి బయటికి వెళ్ళిపోయింది. నమ్మిందని అనుకోకండి. ఆ తర్వాత కూడా వీధిలో జూనెల్ ఎదురైతే అవతలి వైపుకు దాటుతూనే ఉంది.

డాక్టరు కాగితం ఎవర్‌హార్ట్‌కు చేరింది. ఆవిడ క్షమాపణ చెప్తూ ఉత్తరం రాసింది. నిజాయితీగానే రాసింది. కానీ పిల్ల వాన్‌హూస్ వాళ్ల దగ్గర కుదురుకుంది, బడిలో బాగా చదువుతోంది, కుదురుకున్న పిల్లను మళ్ళీ కదపడం మంచిది కాదని కమిటీ అభిప్రాయం. శీతాకాలానికి డీనా జైల్లోంచే తల్లి హక్కు వదులుకుంటున్నట్టు సంతకం చేసింది. జైలుకెళ్ళినా ఆ మాత్రల మత్తు పూర్తిగా వదల్లేదట, ఎవరు ఏ కాగితం పెట్టినా చేసేదట. ఏప్రిల్‌లో వాన్‌హూస్ దంపతులు పిల్లను దత్తత తీసుకున్నారు. ఆ ఆర్డరు మా కోర్టులోనే అయింది. దత్తత కాగితాలు పుట్టుకతోనే సీలు. పాత పేరు, కొత్త పేరు, కొత్త ఊరు, అన్నీ. వాటి మీద ముద్ర వేసింది నేనే.

రెండు వారాల తర్వాత జూనెల్ వచ్చింది. టోపీ లేదు. బడి ఉద్యోగం మానేసిందని అప్పటికే విన్నాను, పిల్లలకు వడ్డించలేకపోతోందట. వరసలో నిలబడింది, ముందున్న నలుగురి పని అయ్యేదాకా కదలకుండా.

"రొవీనా, వాళ్లు ఇల్లు మారిపోయారు. తలుపు తాళం. ఎక్కడికెళ్ళారో ఎవరూ చెప్పట్లేదు. నేను వెళ్ళి గొడవ చేయనులే. ఒట్టు. ఏ ఊరో చెప్పు చాలు. పోనీ ఊరు వద్దు. దానికి పేరు మార్చారా? పేస్లీ అనే పిలుస్తున్నారా ఇంకా?"

కాగితాలు ఇంకా తాళం గదికి వెళ్ళలేదు. నా మోచేయి కిందే ఉన్నాయి. కొత్త పేరు నాకు తెలుసు. పూలపేరు, మంచి పేరు.

"అలాంటి రికార్డు ఏదీ మా దగ్గర లేదు," అన్నాను.

జూనెల్ నా మొహం వంక చూసింది. ఈసారి దానికి అర్థమైంది.

"మొన్న మంగళవారం దానికి ఎనిమిదేళ్లు నిండాయి. కేకు చేశా. అది కూడా లేదంటావా రొవీనా?"

నేను తల పక్కకు వంచి దాని భుజం మీదుగా చూశాను. "తర్వాత ఎవరండీ?" అన్నాను.